స్తంభానికీ స్తంభానికీ మధ్య

కిందటి నెల మన సంఘం కొత్త భవనం నకళ్ళు ఇంటింటికీ వచ్చాయి. మా ఇంటికీ వచ్చాయి. భోజనాల బల్ల మీద పరిచి చూస్తే కాగితమంతా ఇరవై అడుగుల చదరాలు, చదరం మూల మూలకూ ఒక నల్లచుక్క. చుక్కల ముగ్గు లాగా ఉందని మా ఆవిడ మెచ్చుకుంది. నేను ముప్ఫయ్యేళ్ళు ఆ చుక్కలతోనే బతికినవాణ్ణి గనక మెచ్చుకోలేకపోయాను. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క స్తంభం. అందులో ఆరు చుక్కలు సరిగ్గా పెద్ద హాలు మధ్యలో పడ్డాయి.

ఈ పేజీల్లో కథలకీ కవిత్వానికీ విమర్శ రాస్తూ వస్తున్నాం. భవనానికి కూడా విమర్శ రాయవచ్చునని నా నమ్మకం. కథ నచ్చకపోతే పుస్తకం మూసేయవచ్చు. భవనాన్ని మూయలేం, మన పిల్లలు అందులోనే పెరుగుతారు. అందుకని ఈసారి రెండు భవనాలను, రెండూ ఒక్క మనిషి గీసినవే, పక్కపక్కన పెట్టి చదివి చూపుతాను. ఆ తరువాత మన కాగితం దగ్గరికి వస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా పెద్దరికం చెలాయించినట్లవుతుంది. చాలా ఏళ్ళ కిందట వేరే ఊళ్ళో ఉన్నప్పుడు అక్కడివాళ్ళు ఒక సభాభవనం కట్టుకున్నారు. లెక్కలు వేసినవాణ్ణి నేను. ఉక్కు ధర చూసి భయపడి హాల్లో ఇరవైనాలుగు అడుగులకు ఒక స్తంభం పెట్టించాను. డబ్బు మిగిలింది, అందరూ భుజం తట్టారు. మరుసటి ఏడు అక్కడే మా స్నేహితుడి కూతురి అరంగేట్రం. అది చూడ్డానికి తెనాలి నుంచి వాళ్ళ అమ్మగారు వచ్చారు. విమానం ఎక్కడం ఆవిడకి అదే మొదలు, అదే ఆఖరు కూడాను. కార్యక్రమం అయ్యాక దణ్ణం పెడితే, "బాగా చేసింది నాయనా, నాకు కుడి చెయ్యి కనపడింది," అన్నారు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆవిడకు కనబడింది అంతే. ఎవరో మర్యాద కొద్దీ ముందు వరసలో కాస్త వెనక్కి, సుఖంగా ఉంటుందని కుషన్ కుర్చీలో కూచోబెట్టారు. ఆ కుర్చీకి పదడుగుల ముందు నా స్తంభం ఉంది.

లెక్క వేసి చూడండి. స్తంభం వెడల్పు పదహారు అంగుళాలు. చూసేవారికి పదడుగుల దూరంలో ఉంటే, నలభై అడుగుల దూరంలో ఉన్న వేదిక మీద దాని చాటు నాలుగింతలవుతుంది. అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. ఒక ఆడపిల్ల చేతులు చాచి నిలబడితే ఎంతో అంత. ఈ లెక్క అయిదో తరగతి లెక్క. నేను దూలం లెక్కలు పదిసార్లు సరిచూసుకున్నాను గానీ ఇది ఒక్కసారి కూడా వేయలేదు.

ఇక అసలు విషయం. స్తంభాల మధ్య దూరాన్ని మా భాషలో స్పాన్ అంటాం. నేల మీద అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, అవి కలిసిన చోటల్లా స్తంభం పెట్టే పద్ధతిని గ్రిడ్ అంటాం. ఇది కొత్త సంగతేమీ కాదు. మన ఊళ్ళల్లో పాకను ఇన్ని నిట్రాళ్ళ పాక అని లెక్కపెట్టేవారు. తాటిదూలం ఎంత పొడుగు దొరికితే గది అంత వెడల్పు. దాటాలంటే మధ్యలో గుంజ పాతవలసిందే. కాంక్రీటు వచ్చాకా ఉక్కు వచ్చాకా ఆ పొడుగు పెరిగింది గానీ న్యాయం మారలేదు. దూలం మీద అడుగుకు ఇంత బరువు అనుకుంటే, స్పాన్ రెండింతలు చేస్తే దూలాన్ని వంచే శక్తి నాలుగింతలవుతుంది. అదే దూలమైతే కిందికి జారడం పదహారింతలు. స్తంభాలు దగ్గరగా పెట్టమని ఇంజనీరు మొరాయించేది పిసినారితనం వల్ల కాదు, ఈ నాలుగూ పదహారూ వల్ల.

అయితే చదరం ఇరవై అడుగులే ఎందుకుండాలి? ముప్ఫై ఎందుకు కాదు? ఆ జవాబు దూలం చెప్పదు, లోపల ఉండబోయే వస్తువు చెబుతుంది. ఈ దేశంలో పాత లైబ్రరీలు చాలావాటిలో స్తంభాల దూరం ఇరవై రెండున్నర అడుగులు. పుస్తకాల బీరువాల వరసకీ వరసకీ నాలుగున్నర అడుగులు కావాలి, అయిదు వరసలు పెడితే సరిగ్గా అంత. మేడ కింద కార్లు పెట్టుకునే భవనమైతే మూడు కార్లకు ఒక స్తంభం, అంటే ముప్ఫై అడుగులకు కాస్త అటూ ఇటూగా. పుస్తకం, కారు, మంచం, బల్ల, ఇవే గ్రిడ్‌ను గీస్తాయి. హాల్లో ఉండే వస్తువు మనిషి చూపు. దాన్ని కొలవడం మరిచిపోతాం.

హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు కారు నడిపితే ఫోర్ట్‌వర్త్. అక్కడి కింబెల్ చిత్రశాలను మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. సొంత సేకరణ చూడడానికి టిక్కెట్టు లేదు గనక వేసవిలో చుట్టాలు వస్తే తీసుకువెళ్ళే చోటు. గోడ మీది బొమ్మలు చూసి బయటికి వచ్చేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు బొమ్మలకి వీపు తిప్పి కాసేపు పైకి చూడండి.

దాన్ని గీసినవాడు లూయీ కాన్. 1901లో ఎస్తోనియాలో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగినవాడు. అహమ్మదాబాదులో మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూట్ ఆయనదే. 1974 మార్చిలో అహమ్మదాబాదు నుంచి తిరిగివస్తూ న్యూయార్కు రైల్వేస్టేషనులో గుండె ఆగి పోయాడు. కింబెల్ పని 1966లో ఆయన చేతికి వచ్చింది, 1972 అక్టోబరులో తలుపులు తీశారు. మొదట గీసినది ఇంతకన్న చాలా పెద్దది, ఎత్తయినది. చిత్రశాల డైరెక్టరు రిచర్డ్ బ్రౌన్ ఒప్పుకోలేదు. వచ్చేవాళ్ళు ఇంట్లోకి వచ్చినట్లు రావాలి గాని కోర్టులోకి వచ్చినట్లు కాదన్నది ఆయన పట్టు. అంతటి పేరున్న శిల్పికి తగ్గించమని చెప్పగలగడమూ, ఆ శిల్పి తగ్గించడమూ, రెండూ అరుదైనవే. భవన సంఘంలో కూచునే మనవాళ్ళు గమనించదగినది.

తగ్గించాక మిగిలినది పదహారు పొడుగాటి గొట్టాలు, సగానికి కోసి బోర్లించినట్లు. ఒక్కొక్కటి నూరడుగుల పొడుగు, ఇరవై మూడడుగుల వెడల్పు, నడినెత్తిన ఇరవై అడుగుల ఎత్తు. మూడు వరసలుగా అమర్చి, ఒక్కొక్క వరసకు ముందొకటి చొప్పున మూడింటిని ఖాళీగా వసారాలుగా వదిలేశాడు. గొట్టానికీ గొట్టానికీ మధ్య సన్నటి చదునైన పట్టీ. గాలిగొట్టాలూ కరెంటు తీగలూ అన్నీ ఆ పట్టీలో పోతాయి. మన ఇళ్ళలో వంటింటి వెనక సందు లాంటిదన్నమాట, పని అక్కడ, పెద్దమనుషులు ఇక్కడ.

ఇప్పుడు స్తంభాలు లెక్కపెట్టండి. ఒక్కొక్క గొట్టానికి నాలుగే నాలుగు, నాలుగు మూలలా. రెండడుగుల చదరపు స్తంభాలు. పొడుగున నూరడుగుల మేర మధ్యలో ఏ ఆధారమూ లేదు. కింద ట్రావర్టిన్ రాతి గోడలు కనిపిస్తాయి గానీ అవి బరువు మొయ్యవు. మోయడం లేదని చెప్పడానికే గొట్టం చివర్ల గోడకీ కప్పుకీ మధ్య అర్ధచంద్రాకారంగా గాజు పెట్టాడు. గాజు మీద ఎవరూ కప్పు ఆన్చరు గదా!

మరి ఆ కప్పును నిలబెడుతున్నదేమిటి? కమాను అనుకుంటాం. రోమనుల కాలం నుంచీ అలాంటి కప్పును చూస్తే అదే అనుకోవడం అలవాటు. కాని కమానుకు రెండు పక్కలా పొడుగునా గోడ కావాలి, లేదా బరువైన ఆనింపు కావాలి. ఇక్కడ రెండూ లేవు. పైపెచ్చు కమానుకు ప్రాణం నడినెత్తిన ఉండే రాయి. సరిగ్గా ఆ చోటనే కాన్ పొడుగునా చీల్చి వెలుగు లోపలికి వదిలాడు. ఆ చీలికకు అడ్డంగా అక్కడక్కడ కాంక్రీటు కట్టెలు ఉన్నాయి, అంతే. ఇది కమాను కానే కాదు. వంచిన దూలం. నూరడుగుల పొడుగు దూలాన్ని ఇంత పల్చగా చేయాలంటే వంచక తప్పదు. కాగితాన్ని చదునుగా పట్టుకుంటే వాలిపోతుంది, కాస్త వంపు తిప్పి పట్టుకుంటే పెన్సిలును మోస్తుంది. అదే ఇది. దీని లెక్క తేల్చినవాడు ఆగస్ట్ కొమెండంట్ అనే ఇంజనీరు. ఆయనా ఎస్తోనియావాడే. కాంక్రీటు లోపల పొడుగునా ఉక్కు తీగలు జారుగా పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగించాడు. తీగ బిగుసుకునేటప్పుడు దూలాన్ని పైకి ఎత్తుతుంది, బరువు కిందికి లాగుతుంది. రెండూ సరికి సరి.

ఆ వంపు అర్ధవృత్తం కాదు. బండిచక్రం అంచుకు ఒక మేకు కొట్టి చక్రాన్ని ఒక చుట్టు దొర్లిస్తే ఆ మేకు గాలిలో గీసే గీత. సైక్లాయిడ్ అంటారు. కాన్ ఆఫీసులో పనిచేసే మార్షల్ మయర్స్ పుస్తకాల్లో వెదికి తెచ్చిన గీత అది. అర్ధవృత్తమైతే అదే వెడల్పుకు కప్పు మరీ ఎత్తుకు పోయేది, బ్రౌన్ అడిగిన ఇంటి కొలత పోయేది. చీలిక కింద రిచర్డ్ కెల్లీ అనే దీపాల నిపుణుడు చిల్లుల అల్యూమినియం రేకును రెక్కల్లా వంచి వేలాడదీశాడు. టెక్సాస్ ఎండ ఆ రేకు మీద పడి, తిరిగి కాంక్రీటు వంపు మీద పడి, అక్కణ్ణుంచి వెండిలా కిందికి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు కాంక్రీటు ఇంత మెత్తగా ఉంటుందా అనుకున్నాను. జీవితమంతా కాంక్రీటుతో పనిచేసి కూడా.

దీన్ని తప్పుపట్టేవాళ్ళూ ఉన్నారు. దూలాన్ని కమాను వేషంలో చూపడం అబద్ధం కాదా అని వాళ్ళ ప్రశ్న. నాకైతే కాదనిపిస్తుంది. వేషం వేసినవాడు నుదుటి మీద చీలిక పెట్టి ఇది వేషమని తనే చెబుతున్నాడు గదా. నా ఫిర్యాదు వేరు. నూరడుగుల స్వేచ్ఛ సంపాదించి లోపల కదిపే గోడలతో మళ్ళీ గదులుగా విడగొట్టుకున్నారు. ఎక్కువ రోజులు ఆ నూరడుగులూ ఒక్క చూపులో కనపడవు. అయినా కప్పు మాత్రం తెగకుండా తలపైన సాగిపోతూ ఉంటుంది, గోడలు రేపు మారినా తాను మారనని చెబుతున్నట్లు. ఇంత డబ్బు పోసి కొన్నది ఆ తెగకపోవడమే.

రెండో భవనం న్యూహేవెన్‌లో ఉంది. మా అబ్బాయి అక్కడ చదువుకునే రోజుల్లో నాలుగైదుసార్లు చూశాను. యేల్ విశ్వవిద్యాలయం వారి బ్రిటిష్ చిత్రకళా కేంద్రం. పాల్ మెల్లన్ ఇచ్చిన బొమ్మలకోసం కాన్ గీశాడు. సగంలో ఆయన పోతే ఆఫీసువాళ్ళు పూర్తిచేశారు. 1977లో తెరిచారు. ఎదురుగా వీధికి ఆవలి పక్కన 1953లో ఆయనే కట్టిన విశ్వవిద్యాలయ చిత్రశాల ఉంది. చాపెల్ వీధిలో నిలబడి తల అటూ ఇటూ తిప్పితే ఒక మనిషి మొదటి మాటా చివరి మాటా వినవచ్చు.

ఇక్కడ గొట్టాలు లేవు, వంపులు లేవు. ఇరవై అడుగుల చదరాలు, మన కాగితంలో లాగే. పొడుగున పది, వెడల్పున ఆరు. రెండు వందల అడుగులు, నూట ఇరవై అడుగులు. నాలుగంతస్తులు. కాంక్రీటు స్తంభాలూ దూలాలూ నగ్నంగా కనబడతాయి, మధ్యలో తెల్ల ఓకు చెక్క పలకలు. బయట పొగరంగు ఉక్కురేకులు. వీధివైపు కింద దుకాణాలు. పై అంతస్తులో ఒక్కొక్క చదరానికీ పైనుంచి వెలుగు. బయటినుంచి చూస్తే ఆఫీసు భవనమేమో అనుకుని దాటిపోతారు. నేను మొదటిసారి దాటే పోయాను.

లోపలికి వెళితే గాని ఇరవై అడుగుల మహిమ తెలియదు. మెల్లన్ సేకరించినవి ఎక్కువగా ఇంటి గోడకు వేలాడదీసుకునే బొమ్మలు. గుర్రాలు, పొలాలు, కుటుంబాలు. వాటికి నూరడుగుల హాలు ఇస్తే బిక్కచచ్చిపోతాయి. ఇరవై అడుగుల గదిలో పెద్దావిడ హాల్లో పటాల్లాగా హాయిగా కూచున్నాయి. స్తంభం అడ్డంగా ఉన్నట్లు ఒక్కచోట కూడా అనిపించదు, ఎందుకంటే స్తంభం ఉన్నచోటే గది అయిపోతుంది. చూపు అక్కడ ఆగాలనే స్తంభం అక్కడ ఉంది.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు ముక్క. ఇన్ని చదరాల మధ్య కాన్ రెండు చోట్ల స్తంభాలను ఎత్తేశాడు. వాకిట్లో రెండుకి రెండు, నాలుగు చదరాలు కలిపి నలభై అడుగుల చావడి. నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ. లోపల ఇంకొకటి, రెండుకి మూడు, నలభై అడుగులు అరవై అడుగులు. లైబ్రరీ చావడి. అక్కడ పెద్ద పెద్ద బొమ్మలు, మధ్యలో గుండ్రటి కాంక్రీటు బురుజులో మెట్లు. మన మండువా లోగిలిలో చుట్టూ వసారా స్తంభాలుండి నడిమధ్య ఆకాశం వదిలేసినట్లు. గ్రిడ్‌ను ధిక్కరించలేదు. గ్రిడ్‌లోంచి కొన్ని గళ్ళు తీసేశాడు. పైగా ఆ చావళ్ళ మీద ఇంకో అంతస్తు పెట్టలేదు. గాజుకప్పు మాత్రమే. ఏ గళ్ళు ఖాళీ చేశాడో వాటి మీద బరువు పెట్టలేదు. ఈ వాక్యాన్ని మన సంఘంవారు రెండుసార్లు చదవాలని ప్రార్థన.

ఆ భవనాన్ని 2016లో ఒకసారి బాగుచేసి తెరిచారు. పైకప్పు గాజులు మార్చడానికి మళ్ళీ మూసి 2025లో తెరిచారు. యాభై ఏళ్ళ వాన పడిన కప్పు గదా.

ఇంతా చెప్పాక, మనవాళ్ళకు ఇది తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుసు. రామప్ప గుడి మండపం చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1213 నాటిది. రాతిదూలం వంగదు, విరుగుతుంది. లాగితే ఓర్చుకునే గుణం రాయికి లేదు. అందుకని కాకతీయుల స్థపతులు కూడా స్తంభాలు దగ్గరగానే పెట్టారు. కాని నడిమధ్య నాలుగు స్తంభాల నడుమ గుండ్రటి రంగవేదిక పెట్టి, అందమైన చెక్కడమంతా ఆ నాలుగింటికీ వాటి పై దూలాలకూ ఇచ్చారు. అక్కడ స్తంభం నాట్యానికి చట్రం. ఆడేది మధ్యలో, చూసేవారు చుట్టూ. చుట్టూ ఉన్నవాళ్ళు పదిమందో ఇరవైమందో, లేచి పక్కకు జరగగలరు. మన హాల్లో వేదిక ఒక చివర, నాలుగు వందల కుర్చీలు ఒకే దిక్కుకు. రామప్పలో స్తంభాలున్నాయి గదా అని మన హాల్లో పెట్టుకుంటే పోలిక చెల్లదు. కమిటీ సమావేశంలో ఆ మాట వినబడింది కనక రాస్తున్నాను.

భవనం పెరగడం గురించి కూడా ఒక మాట. చదరాల గ్రిడ్ ఉంటే రేపు ఎటైనా పెంచుకోవచ్చునని మన నకలులో ఒక మూల రాశారు. కాగితం మీద నిజమే. కింబెల్‌కూ అదే అనుకున్నారు. ఒకే రకం గొట్టాలు, ఇంకో నాలుగు తగిలిస్తే ఏం పోయిందని. 1989లో రొమాల్డో జుర్గోలా రెండు చివర్లా అలాంటివే గొట్టాలు కలిపి పెంచుదామని గీశాడు. ఆయన కాన్ పట్ల గౌరవంతోనే గీశాడు. అయినా దేశంలోని శిల్పులంతా గోలపెట్టారు, మరుసటి ఏడే ఆ ఆలోచన మానుకున్నారు. చివరకు 2013లో రెంజో పియానో చేత ఎదురుగా పచ్చిక మీద విడి భవనం కట్టించారు. అందులో ఇరవైతొమ్మిది జతల చెక్కదూలాలు, పొరలు పొరలుగా అంటించి చేసినవి, ఒక్కొక్కటి నూరడుగులు. అటు నూరడుగులు, ఇటు నూరడుగులు, మధ్యలో గడ్డి. కాంక్రీటు ముందు చెక్క కొంచెం వినయంగా నిలబడింది. అంత వెలుగు లేదు గానీ నాకు నచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చే గళ్ళను చూసి ఎక్కడైనా తెంచవచ్చు, ఎక్కడైనా అతకవచ్చు అనుకోవడం పొరపాటని మాత్రం తెలిసింది.

సరే, మన కాగితం. హాలు అరవై అడుగులు ఎనభై అడుగులు. ఇరవై చదరాల్లో వేస్తే మధ్యలో స్తంభాలు రెండు మూళ్ళు ఆరు. గీసినవారిని తప్పుపట్టను. వంటశాలకు, తెలుగుబడి గదులకు, లైబ్రరీకి ఇరవై అడుగుల చదరం చక్కగా సరిపోయింది, కింద రెండేసి కార్లకూ సరిపోయింది. అన్నింటికీ సరిపోయింది గనక హాలుకూ అదే వేశారు. ఎందుకు తీయలేదని అడిగితే, హాలు మీద బడి గదులున్నాయి, ఆ బరువు ఎవరు మోస్తారు అన్నారు. ఆ మాట నిజం. అరవై అడుగుల దూలం మీద తరగతి గదులు పెడితే ఉక్కు ఖర్చు కళ్ళు తిరుగుతుంది. కాని బడి గదులను హాలు మీద ఎందుకు పెట్టాలి? వాటిని జరిపి లైబ్రరీ మీద పెడితే హాలు మీద కప్పు ఒక్కటే మిగులుతుంది. కప్పుకు వానా, గాలీ, అప్పుడప్పుడు ఎక్కే మరమ్మతువాడూ తప్ప వేరే బరువు లేదు. ఇరవై అడుగులకు ఒకటి చొప్పున అరవై అడుగుల ఉక్కు ట్రస్సులు, నాలుగైదడుగుల లోతువి, వేస్తే ఆరు స్తంభాలూ పోతాయి. మన తీరంలో తుపాను గాలి కప్పును పైకి లాగుతుంది గనక దాన్ని కిందికి గట్టిగా కట్టెయ్యాలి, అది వేరే లెక్క. మిగతా భవనంలో చదరాలు ఉన్నవి ఉన్నట్లే ఉండవచ్చు.

ఖర్చు పెరుగుతుంది. ఎంతో ఈ వారం లెక్క వేసి పట్టుకువస్తాను, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా. కావాలంటే హాలును యాభై అడుగులకు తగ్గించండి, వంద కుర్చీలు తగ్గించండి. బ్రౌన్ తగ్గించమన్నాడు, కాన్ తగ్గించాడు, భవనం బాగుపడింది.

వచ్చే శనివారం సాయంత్రం సమావేశంలో నకలు బల్ల మీద ఉంటుంది. ఒక స్కేలు తెచ్చుకోండి. వేదిక నడుమ ఒక చుక్క పెట్టి, మీ అమ్మగారు కూచోబోయే కుర్చీ దగ్గర ఇంకో చుక్క పెట్టి, రెండింటినీ కలిపి గీత గీయండి.